తెల్లదారం కనపడకుండా మాయ చేయడం ఎలా?

ప్రశ్న: కొండపి దగ్గర ఓ పల్లెలో హైస్కూల్ ఇంగ్లీషు టీచర్ని. మా ఎనిమిదో తరగతి పిల్లలు హ్యారీ పాటర్ మొదటి పుస్తకం చదివి, సినిమా చూసి, దాన్ని తెలుగులో పది నిమిషాల సినిమాగా ఫోనుతో తీస్తామని పట్టుబట్టారు. మార్చిలో వార్షికోత్సవంలో వేసి, తర్వాత యూట్యూబులో పెట్టాలని వాళ్ళ కోరిక. ఓ ఆదివారం తీసి చూశాం. గాల్లో తేలాల్సిన కొవ్వొత్తులకంటే వాటికి కట్టిన తెల్లదారాలే బాగా కనిపించాయి. మాయ దుప్పటి కోసం నర్సరీల్లో కట్టే గ్రీన్ నెట్ కప్పితే పిల్లవాడు సగం మాయమై సగం మిగిలాడు, వెనక వేపచెట్టు మాత్రం మొత్తం పోయింది. చీపురు మీద ఎగరమని బెంచీ మీంచి దూకిస్తే పడ్డట్టుంది తప్ప ఎగిరినట్టు లేదు. ఊళ్ళో ఒకాయన గుడ్లగూబను పట్టి తెస్తానంటున్నాడు. చేతిలో మూడు వేలున్నాయి. ఎక్కడ సరిదిద్దుకోవాలి?

సమాధానం: టీచర్ గారూ, ముందు గుడ్లగూబ సంగతి. వద్దని ఆయనకి ఈరోజే చెప్పేయండి. మన దేశపు గుడ్లగూబలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. పట్టడమూ నేరమే, బోనులో ఉంచడమూ నేరమే. పోనీ రామచిలకతో సరిపెడదామన్నా చట్టం అదే. ఆ సినిమాలో కనిపించే తెల్ల గుడ్లగూబ కూడా ఒక పక్షి కాదు. శిక్షణ ఇచ్చిన పక్షులు కొన్నింటిని మార్చి మార్చి వాడారు. మీకు అసలు పక్షితో పని లేదు. పాత గొడుగును ఫోను దగ్గర టపటపా తెరిచి మూస్తే పెద్ద రెక్కల చప్పుడు వస్తుంది. గోడ మీద అట్టముక్క నీడ ఒకసారి దాటాలి, పైనుంచి ఉత్తరం పడాలి, పిల్లవాడు తలెత్తి చూడాలి. మూడు షాట్లు చాలు.

ఇక యూట్యూబు. ఆ పుస్తకం 1997లో వచ్చింది, రచయిత్రి ఉన్నారు. మన చట్టంలో రచన మీద హక్కు రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు నడుస్తుంది. బళ్ళో టీచర్లూ పిల్లలూ కలిసి, తమ తల్లిదండ్రుల ముందు, బడికి సంబంధించినవాళ్ళ ముందు నాటకంగా ఆడుకోవడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. అదే కథను సినిమాగా తీసి లోకం చూసేలా నెట్లో పెడితే ఆ వీలు వర్తించదు. అయితే చీపురు మీద ఎగరడం, ఒంటిమీద కప్పుకుంటే మనిషి కనపడకుండా పోవడం, రాక్షసుడంత మనిషి తలుపు తట్టడం ఎవరి సొంత ఆస్తీ కాదు. మన జానపద కథల నిండా ఇలాంటి మాయలే. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు తిరగేయండి. ఆయన పోయి 60 ఏళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి నిర్భయంగా వాడుకోవచ్చు. పిల్లలకి నచ్చిన మాయలు నాలుగూ ఉంచి, కథా పేర్లూ మీవి పెట్టుకోండి. మంత్రాల బడి కొండపి పక్కనే ఉంటే ఏం పోయింది?

పది నిమిషాలంటే చేతిరాతలో పది పేజీల స్క్రిప్టు. అంతకు మించనివ్వకండి. పిల్లలు ఏదీ వదలమంటారు కదా, వాళ్ళకి ఈ లెక్క చెప్పండి. ఆ పుస్తకంలో 17 అధ్యాయాలు. 2001లో క్రిస్ కొలంబస్ తీసిన సినిమా 152 నిమిషాలు. అంత నిడివిలో కూడా పీవ్స్ అనే అల్లరి దెయ్యానికి చోటు దొరకలేదు. ఆ పాత్రకి నటుణ్ణి పెట్టి దృశ్యాలు తీసి మరీ కత్తిరించేశారు. చివర్లో సీసాల మందుల చిక్కుముడి ఉంటుంది, పుస్తకం చదివినవాళ్ళు ముచ్చటపడేది, అదీ పోయింది. మీకు మూడు చోట్లు చాలు: కొవ్వొత్తుల హాలు, భారీ మనిషి రాక, రాత్రిపూట దుప్పటి. ఎగరడం నాలుగోది, టైముంటేనే. రైలు సీను వద్దు. సింగరాయకొండ స్టేషన్లో తీద్దామని ఎవరో ఒకరు అంటారు. రైల్వే అనుమతి లేకుండా ప్లాట్‌ఫాం మీద షూటింగ్ కుదరదు, పైగా పాతికమంది పిల్లల్ని పట్టాల పక్కన అదుపులో ఉంచడం మీ ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

కోట కోసం ఉదయగిరి దుర్గం దాకా పోనక్కర్లేదు. మీ చుట్టుపక్కల పొగాకు బ్యారన్లు, అంటే ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టాలు, ఉన్నాయి. ఎత్తైన మందపాటి గోడలు, కిటికీల్లేని చీకటి, చిన్న తలుపు, పైన అంచెలంచెలుగా వాసాలు. సినిమావాళ్ళు లక్షలు పోసి వేసుకునే సెట్టు ఇది. పొగాకు సీజన్ అడ్డు రాకుండా చూసుకోండి. సంక్రాంతి దాటాక ఆకు కొట్టి బ్యారన్లలో ఆరబెట్టడం మొదలైతే మీకు ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. వార్షికోత్సవం మార్చిలో కాబట్టి అక్టోబరు, నవంబరుల్లోనే లోపలి సీన్లు ముగించండి. వాయుగుండం పట్టి వాన కురుస్తున్నా లోపల పని ఆగదు. ముందురోజు రైతు చేత తలుపు, పై గవాక్షాలు తెరిపించి గాలి ఆడనివ్వండి. నీళ్ళు చల్లి ఊడిపించండి. పాత ఆకు దుమ్ము గొంతు పట్టేస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లల్ని లోపలికి పంపొద్దు. మూలల్లో తేళ్ళూ పాములూ లేవని పెద్దవాళ్ళు కర్రతో చూడాలి. పిల్లలు వాసాలు ఎక్కకూడదు. ఇంకో మాట ఖాయంగా చెప్పాలి: బ్యారన్ లోపల మంట ఉండకూడదు. సాంబ్రాణి, కర్పూరం, కాకరపువ్వొత్తి ఏదీ వద్దు. ఎండిన వాసాలకి ఒక్క నిప్పురవ్వ చాలు.

మంట లేకుండా కొవ్వొత్తులెలా అంటారేమో. అసలు సినిమా కథ వినండి. భోజనశాల సీనుకి మొదట నిజంగా మండే కొవ్వొత్తుల్నే తీగలకి వేలాడదీశారు. వేడికి తీగలు తెగి కిందపడటం మొదలైంది. చివరికి వాటిని కంప్యూటర్లో పెట్టుకున్నారు. అంత పెద్ద స్టూడియోకే కుదరనిది మనకెందుకు? ఎ4 కాగితాన్ని పొడుగాటి గొట్టంలా చుట్టి అంటించండి. లోపల పైఅంచుకి ఒక సెంటీమీటరు దిగువన బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం, దీపావళికి అమ్మే టీ లైటు, ఇరికించండి. గొట్టం లావు ఆ దీపాన్ని బట్టి చూసుకోండి. గ్లూ గన్‌తో అంచున నాలుగు చుక్కలు జారవిడిస్తే కారిన మైనంలా ఉంటుంది. మొత్తం బరువు ఇరవై ముప్ఫై గ్రాములు దాటదు.

దారం విషయంలో మీ తప్పు తెలుపు ఒక్కటే కాదు. నూలుదారానికి నూగు ఉంటుంది, ఆ నూగు వెలుతురు పట్టి మెరుస్తుంది. సముద్రం ఒడ్డున పాకల ఊరి వైపు చేపల సామాను అమ్మే కొట్లలో 0.20 మిల్లీమీటర్ల గాలం నైలాన్ అడగండి, ఒక చిన్న చుట్ట చాలు. దానికీ ఒక జబ్బుంది. వెలుతురు వెనకనుంచో, కెమెరా పక్కనుంచో పడితే గాజుతీగలా మెరుస్తుంది. నల్ల మార్కరు తడిగా ఉన్న గుడ్డని దారం పొడవునా ఒకసారి లాగండి. దీపాన్ని కెమెరాకి కుడిపక్కో ఎడమపక్కో, పిల్లల మొహాల ఎత్తులో పెట్టి, రేకు డబ్బాతో పైభాగం మూసేయండి. పైన వాసాల వైపు వెలుతురు పోకూడదు. దారం వెనక చీకటి ఉంటే కంటికి ఆనదు. వెనక సున్నం కొట్టిన గోడ ఉంటే ఏం చేసినా కనిపిస్తుంది.

ఒక్కో కొవ్వొత్తికి ఒక్క దారం కడితే బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది. అంచుకి ఎదురెదురుగా రెండు సూది రంధ్రాలు పెట్టి రెండు దారాలు కట్టి, పై వాసం మీద అడుగు ఎడంగా ముడివేయండి. తిరగడం ఆగిపోతుంది. నైలాన్ ముడి జారిపోయే రకం కాబట్టి మూడు చుట్లు తిప్పి ముడివేసి ఫెవిక్విక్ చుక్క వేయాలి. ఈ కట్టుడు పని నిచ్చెన మీద పెద్దవాళ్ళదే. వంద కొవ్వొత్తులు అక్కర్లేదు, ఇరవై చాలు. నాలుగింటిని లావుగా, పొడుగ్గా చేసి కెమెరాకి నాలుగైదు అడుగుల్లో, ఫ్రేము పైఅంచున కట్టండి. మిగతావి చిన్నవి, వెనక్కి పోయేకొద్దీ కిందకి దించుతూ రావాలి. కంటికి హాలు రెండింతలు లోతుగా కనిపిస్తుంది. అన్నీ ఒకే ఎత్తులో కడితే పెళ్ళిపందిరి సీరియల్ లైట్లలా ఉంటాయి. కట్టాక తలుపు మూసి ఐదు నిమిషాలు ఎవరూ కదలకండి, ఊగడం ఆగాక తీయండి. మరీ కదలకపోయినా బొమ్మల్లా ఉంటాయి కాబట్టి తలుపు దగ్గర ఒకరు అట్టతో మెల్లగా ఒక్కసారి విసరాలి.

ఫోను గురించి ఇక్కడే చెప్పేస్తాం. తెరమీద పిల్లవాడి మొహంపై వేలు అదిమిపట్టి ఉంచితే ఫోకసూ వెలుతురూ తాళం పడతాయి. ఆ తాళం వేయకపోతే కొవ్వొత్తి కాస్త ఊగినప్పుడల్లా ఫోను దానివైపు పోయి మొహం మసకబారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని బల్బులు సెకనుకి వందసార్లు మినుకుతాయి. వీడియోలో నల్లచారలు పాకడానికి కారణం అదే. ఫోనులో ప్రో మోడ్ ఉంటే షటర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టండి, చారలు పోతాయి. లేకపోతే బల్బు మార్చి చూడటమే దారి. కొన్ని కంపెనీల ఎల్‌ఈడీలు మినుకవు.

ఇప్పుడు మాయ దుప్పటి. గ్రీన్ నెట్ పనికిరాదు. కన్నాల్లోంచి పిల్లవాడి చొక్కా కనిపిస్తుంది, ప్లాస్టిక్ పోగు ఎండకి తెల్లగా మెరుస్తుంది. యాప్ ఒక్క రంగునే తీసేస్తుంది కాబట్టి కన్నాలూ మెరుపులూ మిగిలిపోయాయి. వేపచెట్టు పోవడానికీ అదే కారణం, ఆకుల రంగు నెట్ రంగుకి దగ్గర. బట్టల కొట్లో చిలకపచ్చ పాప్లిన్ మూడు మీటర్లు తీసుకోండి. శాటిన్, పట్టు వద్దు, మెరుస్తాయి. దానికి వెనకవైపు పాత జరీ చీర అస్తరులా కుట్టించండి. మామూలు షాట్లలో జరీ పైకి, మాయమయ్యే షాట్లో పచ్చ పైకి. అసలు సినిమాలో కూడా ఇలా ఆకుపచ్చ గుడ్డ వేసిన దుప్పటినే వాడారు. ఇస్త్రీ తప్పనిసరి, ప్రతి మడతా ముదురు పచ్చగా మారి చారలా మిగిలిపోతుంది. ఆ సీన్లో ఎవరి ఒంటిమీదా, రిబ్బన్లో కూడా, ఆకుపచ్చ ఉండకూడదు. తీయాల్సింది చెట్ల ముందు కాదు, బడి వరండాలో.

ఫోనును ట్రైపాడ్‌కి బిగించాక మళ్ళీ ముట్టుకోవద్దు. తీగ ఇయర్‌ఫోన్ పెట్టి, దాని వాల్యూమ్ మీటతో రికార్డింగ్ నొక్కండి, చాలా ఫోన్లలో పనిచేస్తుంది. మొదట ఎవరూ లేని వరండాను పది సెకన్లు తీయండి. వెంటనే పిల్లవాడు వచ్చి దుప్పటి కప్పుకునే షాట్. రెంటికీ మధ్య ఐదు నిమిషాలకంటే ఎక్కువ పోతే స్తంభాల నీడలు జరిగిపోతాయి, కలిపినప్పుడు అతుకు తెలిసిపోతుంది. ఎడిటింగులో, కైన్‌మాస్టర్ అయినా కంప్యూటర్లో ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్ అయినా సరే, ఖాళీ వరండా కింద పొరగా, పిల్లవాడి షాట్ పై పొరగా పెట్టి, పైదానికి క్రోమా కీ, అంటే ఒక రంగుని తీసేసే మీట, వేయండి. పచ్చ ఉన్నచోట వరండా కనిపిస్తుంది, తల ఒక్కటే గాల్లో మిగులుతుంది. గడ్డం కింద పచ్చని నీడ పడుతుంది, దాన్ని పూర్తిగా తీసేయాలని మీట ఎక్కువ జరిపితే చెవులు కూడా పోతాయి. కొంచెం మిగలనివ్వండి. తల కూడా మాయమవ్వాలంటే తంటా లేదు, ఖాళీ వరండా షాట్‌కి కట్ చేయడమే. మన పాత జానపద సినిమాల్లో చిటికె వేస్తే మనిషి మాయమయ్యేది ఇలాగే, కెమెరా కదలకుండా. 1957 నాటి మాయాబజార్‌కి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ దగ్గర కంప్యూటర్ లేదు. ఆ సినిమా పిల్లలకి ఒకసారి ఆపి ఆపి చూపించండి.

భారీ మనిషికి ఖర్చే లేదు. అసలు సినిమాలో హాగ్రిడ్ అనే భారీ మనిషిగా రాబీ కోల్ట్రేన్ వేశారు, దూరపు షాట్లలో మార్టిన్ బేఫీల్డ్ అనే పొడుగాటి రగ్బీ ఆటగాడు నిలబడ్డాడు. సామాను కూడా పెద్దా చిన్నా సైజుల్లో చేయించుకున్నారు. మీకు దూరం చాలు. పెద్దగా కనపడాల్సినవాణ్ణి కెమెరాకి 6 అడుగుల్లో, చిన్నవాణ్ణి 9 అడుగుల్లో నిలబెడితే మొదటివాడు ఒకటిన్నర రెట్లు కనిపిస్తాడు. కెమెరా నేలకి రెండడుగుల ఎత్తులో ఉండాలి, ఇద్దరి పాదాలూ ఫ్రేములోకి రాకూడదు. పాదాలు కనపడ్డాయంటే గుట్టు రట్టయినట్టే. ముందున్నవాడు చిన్నవాడి మొహం వైపు చూడకూడదు, తెరమీద చిన్నవాడు కనిపిస్తున్న దిక్కులో, కెమెరాకి తనంతే దూరంలో గోడమీద అంటించిన కాగితం ముక్కని కిందికి చూడాలి. చిన్నవాడు అలాగే తలెత్తి గాల్లోకి చూడాలి. వెలుతురు ఇద్దరి మీదా సమానంగా ఉండాలి కాబట్టి మబ్బు పట్టిన పూట మంచిది. ఫోను కెమెరాలో దగ్గరదీ దూరందీ రెండూ స్పష్టంగా వస్తాయి, ఇక్కడ అదే మీకు కలిసొచ్చే గుణం. పోర్ట్రెయిట్ మోడ్ వేశారో, వెనకవాడు మసకబారి మోసం బయటపడుతుంది. ఇద్దరూ చేతులు కలపడం, వస్తువు ఇచ్చిపుచ్చుకోవడం స్క్రిప్టులో ఉంటే కొట్టేయండి.

ఎగరడానికి పిల్లల్ని తాడుతో వేలాడదీయొద్దు, దూకించొద్దు. నాలుగడుగుల సరుగుడు కర్రకి కొబ్బరి ఈనెల కట్ట బిగించి కట్టండి, చీపురు తయారు. ఎత్తు బెంచీ మీద పిల్లవాణ్ణి గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టి, చీపురు కర్ర బెంచీ వెంట తాళ్ళతో కట్టేయండి. కెమెరా నేలమీద, పైకి చూస్తూ, ఫ్రేములో నడుముకి పైభాగమూ ఆకాశమూ తప్ప ఏమీ ఉండకూడదు. ముందునుంచి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఎగురుతున్నట్టు అనిపించేది గాలివల్ల సగమే, మిగతా సగం ఒంటివల్ల. ముందుకి వంగి, మలుపులో భుజం వంచి, కాళ్ళు బిగించి కూర్చోవాలి. కులాసాగా కూర్చుంటే బస్సులో సీటు దొరికినవాడిలా ఉంటాడు. కెమెరా పట్టుకున్నవాళ్ళు పిల్లవాడి వంపుకి ఎదురుదిశలో ఫోనును కొంచెం వంచాలి. మధ్యమధ్య అట్టతో కత్తిరించిన చీపురు మనిషి బొమ్మని, రెండడుగులది, ఎనిమిదడుగుల వెదురు కొసన కట్టి, దాని నీడ మాత్రమే ఆటస్థలం మీద పరిగెత్తేలా తీయండి. ఉదయం తొమ్మిది ప్రాంతంలో నీడ బాగా సాగి వస్తుంది. ఈ షాట్ ఒక్కటి పెడితే మిగతా లోపాలు ఎవరికీ పట్టవు.

మంత్రదండం చేతిలోకి ఎగిరి రావాలంటే దాన్ని పారేసి, వీడియోని వెనక్కి నడిపించండి. పారేసేటప్పుడు ఆ పిల్లవాడు మాట్లాడకూడదు, వెనక ఎవరూ నడవకూడదు.

మాటలు ఫోను దూరంగా ఉంటే బ్యారన్లో బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. కెమెరా వెనక గోడకి గోనెసంచులు, బొంతలు వేలాడదీయండి. మాట్లాడే పిల్లవాడి జేబులో రెండో ఫోను పెట్టి సౌండు రికార్డు చేసి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టించండి. ఆ చప్పుడు దగ్గర రెండూ కలుపుకోవచ్చు. ఆ సినిమా సంగీతం వాడొద్దు, యూట్యూబు వెంటనే పట్టేస్తుంది. వేణువు వచ్చిన పిల్లలెవరైనా ఉంటే వాళ్ళ చేత వాయించుకోండి.

మీ మూడు వేలకి పాప్లిన్, కుట్టుకూలి, ఇరవై ఎల్‌ఈడీ దీపాలు, నైలాన్, గ్లూ, రెండు బల్బులు, ఫోను ట్రైపాడ్ వస్తాయి. ఎక్స్‌టెన్షన్ తీగ అరువు తెచ్చుకోండి. డబ్బు మిగిలితే కాస్ట్యూములకి పెట్టొద్దు, విడి బ్యాటరీలు కొనండి. ఈ దీపాల బ్యాటరీలు షూటింగు మధ్యలోనే నీరసపడతాయి.

వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం, చీకటి పడ్డాక, అదే ప్రొజెక్టరు మీద, అదే తెర మీద ఒకసారి వేసి చూడండి. ఫోను తెరమీద బాగున్న బ్యారన్ సీను, స్టేజీ చుట్టూ ఫ్లడ్ లైట్లు వెలుగుతుంటే ఉట్టి నల్ల పలకలా కనిపిస్తుంది. ఎడిటింగులో ఆ సీన్ల వెలుతురు కాస్త పెంచి ఇంకో కాపీ తీసి దగ్గరుంచుకోండి. సినిమా వేసే పది నిమిషాలూ ఏ లైట్లు ఆర్పాలో లైటింగ్ అతనికి కాగితం మీద రాసివ్వండి.